మొహం కింద, వీపు పైన

రోజూ సాయంత్రం పని ఆగాక, వడ్రంగి షెడ్డు వెనక కుళాయి దగ్గర చేతులు కడుక్కుని ఆ పెద్దాయన వేళ్ళు లెక్కపెట్టుకునేవాడు. ఒక్కో వేలి కొసనీ తాకుతూ, పెదవులు కదుపుతూ, చిన్నపిల్లాడు ఎక్కం అప్పజెప్పినట్టు. చివర్లో "పది. సరిగ్గానే ఉన్నాయి" అని తువ్వాలు అందుకునేవాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఇదే వరస. పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు "నిన్నెన్ని ఉన్నాయి మేస్త్రీ?" అని ఆటపట్టించేవాళ్ళు. ఆయన నొచ్చుకునేవాడు కాదు.

"పది వేళ్ళతో ఈ పనిలోకొచ్చాను. పది వేళ్ళతోనే పోతాను. మీ సంగతి మీరు చూసుకోండి," అనేవాడు.

ఆయన్ని అందరూ వెంట్రుక మేస్త్రి అనేవాళ్ళు. తలమీద భూతద్దం పెట్టి వెతికినా ఒక్కటి దొరకదు గానీ పేరు మాత్రం అదే. ఎవరు ఏ అతుకు చూపించినా దానిమీద బొటనవేలు రాసి, కళ్ళు మూసుకుని, "వెంట్రుకవాసి తేడా ఉంది" అనడం ఆయన అలవాటు. అవతలివాడు కొలబద్ద తెచ్చి చూసుకుంటే ఉండేది కూడా. "తలమీదివన్నీ రాలి నోట్లో పడ్డాయి," అనేది ఆయన భార్య.

ఆయన తమ్ముడి కూతురు ఆ షెడ్డులోకి వచ్చింది ఇరవయ్యో ఏట. పొట్టు ఊడ్చి, కొలతలు రాసిపెట్టడానికని వచ్చింది. పదకొండేళ్ళు తిరిగేసరికి పలకల అంచులు కోసే రూటర్ బల్ల దగ్గర పెదనాన్న తర్వాత చెయ్యి పెట్టగలిగే మనిషి ఆమె ఒక్కతే అయింది. మాట తక్కువ. ఎక్కడ ఏ తేడా వచ్చినా ముందు తనదే తప్పేమోనని వెనక్కి చూసుకునే మనిషి.

వాళ్ళ నాన్న ఎడమచేతికి మూడు వేళ్ళే. ఆ మూడు వేళ్ళతో గడ్డం పట్టుకుని, కుడిచేత్తో ఆమెకి తల దువ్వేవాడు. బడికెళ్ళే దాకా నాన్నలందరికీ ఎనిమిదే ఉంటాయనుకుంది. పది దాకా లెక్కపెట్టమంటే నాన్న చేతులు పట్టుకుని ఎనిమిది దాకా వచ్చి, మిగిలిన రెండూ తన వేళ్ళు కలుపుకునేది.

ఆ సంగతి ఎలా జరిగిందో ఆమెకి చెప్పింది నాన్న కాదు, పెదనాన్నే. ఆమె మొదటిసారి రూటర్ బల్ల ముందు నిలబడిన రోజు చెప్పాడు. ఆమె పుట్టకముందు అన్నదమ్ములిద్దరూ ఈ షెడ్డులోనే చేసేవాళ్ళు. తమ్ముడు బల్లమీద పలకని బిట్టుకేసి, అంటే తిరిగే కోతమొనకేసి, తోస్తున్నాడు. అన్న అటువైపు నుంచి, "ఒరేయ్, ఆ చిత్రిక ఎక్కడ పెట్టావురా?" అని కేకేశాడు. తమ్ముడు జవాబు చెప్పడానికి తలెత్తాడు. అంతే.

"ఆ చిత్రిక ఎక్కడుందో తెలుసా? నా కాళ్ళ దగ్గరే ఉంది," అన్నాడు పెదనాన్న. ఆ తర్వాత కాసేపు బల్లమీద లేని పొట్టుని తుడిచాడు. "అందుకని ఒకటి గుర్తుపెట్టుకో. బిట్టు తిరుగుతున్నంతసేపూ నాలుక చెక్కకే ఉండాలి. మనకుండకూడదు."

ఆ షెడ్డులో అది శాసనం. బిట్టు తిరిగేటప్పుడు ఎవరూ ఎవరినీ పిలవరు, పలకరు, దగ్గు వచ్చినా బయటికెళ్ళి దగ్గుతారు.

ఆయన అన్నది వట్టి మాటకి కాదు. వాళ్ళ పనే నాలుకలూ గాడులూ. గోడకి తాపే పలకలకి ఒక అంచున గాడి ఉంటుంది, రెండో అంచున నాలుక ఉంటుంది. ఒకదాని నాలుక పక్కదాని గాడిలో దూరితే మేకు పైకి కనబడకుండా గోడంతా ఒకే చెక్కలా నిలబడుతుంది. బల్ల నడుమ కన్నంలోంచి బిట్టు తల పైకి తేలి గిర్రున తిరుగుతూ ఉంటుంది. పలకని పడుకోబెట్టి, అంచుని అడ్డుపట్టీకి ఆనించి, కుడి నుంచి ఎడమకి తోస్తూ పోవాలి. ఎడమ నుంచి తోస్తే బిట్టే పలకని లాక్కుంటుంది, పలక వెంట చేతిని. బిట్టుకి అటూ ఇటూ బల్లమీద పెదనాన్న రెండు ఎర్రగీతలు గీశాడు. ఆ రెంటి మధ్యకి చెయ్యి పోకూడదు. అక్కడ తోయాల్సొస్తే తోపుడుకర్ర ఉంది.

ఇక రెండో శాసనం: మొహం కింద, వీపు పైన. ప్రతి పలకకీ ఒక మొహం, ఒక వీపు. నలుగురికీ కనబడేది మొహం. చిత్రిక పట్టగానే మొహం మీద పెన్సిల్‌తో సన్నగా ఒక మెలిక గీస్తారు. గాడి కోసినా నాలుక కోసినా ఆ మెలిక బల్లకేసే ఉండాలి.

"గాడి ఎలాగూ నడిమధ్యనే కదా పెదనాన్నా. ఎటు తిప్పినా ఒకటే కదా," అని అడిగిందామె కొత్తలో.

"నడిమధ్యన ఉందని నీకెవరు చెప్పారు? సరిగ్గా నడిమధ్యన ఉన్న వస్తువు ఈ లోకంలో ఒక్కటి తెచ్చి నాకు చూపించు, రేపట్నుంచి నేను పొట్టు ఊడుస్తాను. బిట్టు వెంట్రుకవాసి కిందికో పైకో ఉంటుంది. ఉండనీ. అన్ని పలకలూ ఒకే పక్కకి తప్పితే అది తప్పు కాదు తల్లీ, ఎవరికీ కనబడదు. ఒకటి ఇటూ ఒకటి అటూ తప్పితేనే మెట్టు పడేది."

ఆ మాట ఆమెకి చదువుకున్న పద్యంలా గుర్తుండిపోయింది.

ఆ ఏడు వానలు వెలిసాక ఒక గ్రంథాలయం పని వచ్చింది. చదువుకునే గదిలో గోడ చుట్టూ ఛాతీ ఎత్తున పలకలు తాపాలి. చెక్క గ్రంథాలయం వాళ్ళదే. పాత పైకప్పు దించినప్పుడు దొరికిన దూలాలని కోయించి పలకలు తీశారు. ఎనభై నాలుగు. ఒక్కటి పాడైనా అలాంటిది ఇంకోటి దొరకదు. గ్రంథాలయం ఆవిడ స్వయంగా వచ్చి వాటిని చూసుకుని, "మా నాన్నగారి కాలం నాటి దూలాలండీ ఇవి," అని చేత్తో నిమిరి వెళ్ళింది.

గాడులన్నీ పెదనాన్న ఒక్కరోజులో కోసేశాడు. ఆ రోజు ఆమె గ్రంథాలయంలో గోడల కొలతలు తీస్తూ ఉంది. మర్నాడు ఆయన భార్యని తీసుకుని బంధువుల ఊరెళ్ళాడు. ఆమె బిట్టు మార్చి, నాలుకలు కోయడానికి నిలబడింది.

ముందు తుక్కుముక్క మీద ఒక నాలుక కోసి, దొంతరలోంచి ఒక పలక తీసి దాని గాడిలో దూర్చింది. అతుకు మీద బొటనవేలు రాసింది. నీళ్ళమీద రాసినట్టుంది. రెండో పలక, మూడో పలక సరిపోయాయి. నాలుగోదాని దగ్గర వేలు ఆగింది.

మెట్టు. వెంట్రుక కాదు, రెండు వెంట్రుకలు.

బిట్టు కదిలిందేమోననుకుంది. విప్పి, తుడిచి, మళ్ళీ బిగించింది. కొత్త ముక్క కోసింది. మళ్ళీ మెట్టు. అడ్డుపట్టీ సరిచేసింది. మూడోసారి కూడా అదే మెట్టు, అదే పలక. అప్పుడు ఆ పలకని వెలుతురులోకి తీసుకెళ్ళి తిప్పి చూసింది. ఈసారి వీపునుంచి చూస్తే తుక్కుముక్క నాలుక చక్కగా కూర్చుంది. అంటే ఈ పలక గాడి కోసేటప్పుడు వీపు కింద ఉంది, మొహం పైన ఉంది.

ఒక్కటేమోననుకుంది. ఎనభై నాలుగూ చూసేసరికి మధ్యాహ్నం దాటింది. పదిహేడు పలకలు తిరగబడ్డాయి. ఆ పదిహేడింటి మీదా పెన్సిల్ మెలిక బాగా లేతగా ఉంది. మిగతావాటి మీద ముదురుగా ఉంది.

ఆమె బల్ల పక్కన కూలబడింది. కొన్నాళ్ళుగా చూస్తూ కూడా చూడనట్టున్నవన్నీ ఒకదాని నాలుక ఒకదాని గాడిలో దూరినట్టు కలిశాయి. ఆయన ఈ మధ్య కోడి గింజని చూసినట్టు తల పక్కకి వాల్చి చూస్తున్నాడు. టీ గ్లాసు ఎక్కడుందో చేత్తో తడిమి తీసుకుంటున్నాడు. పోయిన వారం పెద్దమ్మ నవ్వుతూ అన్నమాట గుర్తొచ్చింది: "ఏమే, మీ పెదనాన్నకి ఈ మధ్య నేను అందంగా కనబడుతున్నానట. నలభై ఏళ్ళలో లేని మాట. అప్పుడే నాకు అనుమానం వచ్చింది." అప్పుడు ఆమె కూడా నవ్వింది.

ఆయనకి చెప్పాలి. పలకల దొంతర ముందు నిలబెట్టి, "ఇవి మీరు తిప్పి కోశారు," అనాలి. నోరు తెరిచి రెండుసార్లు అనుకుని చూసింది. ఖాళీ షెడ్డులో కూడా ఆ మాట బయటికి రాలేదు. పదకొండేళ్ళలో ఆయన ఆమెకి వెయ్యి తప్పులు చూపించి ఉంటాడు. ఆమె ఆయనకి ఒక్కటి కూడా చూపించలేదు. చూపించడానికి ఉంటే కదా.

దారి ఒకటి ఉంది. గాడి తిరగబడిన పలకలోకి వెళ్ళే నాలుకని కూడా తిరగేసి కోస్తే రెండూ ఒకే పక్కకి తప్పుతాయి. మెట్టు పోతుంది. కాకపోతే ఏ పలక పక్కన ఏది నిలబడాలో ముందే తేల్చుకోవాలి. ఆమె ఆ పదిహేడింటినీ ఒకే చోటికి చేర్చింది. వాటికి ముందు నిలబడే మంచి పలక ఒకదాన్ని కలిపి పద్దెనిమిది చేసింది. కలిసిపోకుండా వీపుల మీద పెద్దపెద్ద అంకెలు వేసింది, ఇరవై తొమ్మిది నుంచి నలభై ఆరు దాకా. ఈ ఒక్కసారికి, అనుకుంది. ఊరినుంచి వచ్చాక నెమ్మదిగా చెబుతాను, అనుకుంది.

ఆయన వచ్చాడు. "అయ్యాయా?" అన్నాడు. "అయ్యాయి పెదనాన్నా," అంది. చెప్పలేదు.

బిగించే రోజు ఇద్దరూ గ్రంథాలయానికి వెళ్ళారు. బిగించేవాడిని గూటం అంటారు. చేతిలో ఎప్పుడూ చెక్కసుత్తి ఉంటుందని కొంత, గొంతు కూడా అలాగే మోగుతుందని కొంత. పెదనాన్న గది మధ్యలో కుర్చీ వేసుకుని, గోడకేసి తల వాల్చి కూర్చున్నాడు. పని సగం దాకా నడిచింది.

"ముప్పై ఒకటి ఇటు తే," అన్నాడు గూటం తన మనిషితో. "ముప్పై రెండేదిరా? మేస్త్రీ, ఈసారేంటి, పలకలకి నంబర్లేసి పంపారు, సినిమాహాల్లో సీట్లలాగా?"

పెదనాన్న చెయ్యి మోకాలి మీద కదలకుండా ఉండిపోయింది. "నంబర్లా?"

"వీపుల మీద. ఇంతింత అంకెలు. కనబళ్ళేదా?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. వాళ్ళ షెడ్డులో పలకలకి అంకెలు వెయ్యరు. ఏ పలకైనా ఏ పలకలోకైనా వెళ్ళాలి. అదే ఆయన పని, అదే ఆయన పరువు. అంకె వేశారంటే ఆ పలక ఇంకెక్కడా పట్టదని అర్థం. అది గూటానికి తెలియదు గానీ, ఆయనకి తెలుసు.

పని పూర్తయ్యాక ఆయన లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. తలుపు దగ్గర మొదలుపెట్టి గదంతా చుట్టి మళ్ళీ తలుపు దాకా బొటనవేలు రాసుకుంటూ నడిచాడు. ఎక్కడా ఆగలేదు. ఆగడానికి ఏమీ లేదు.

"బాగుంది," అన్నాడు.

వెంట్రుక మాట ఎత్తలేదు. గూటం సుత్తి కింద పెట్టి "మేస్త్రికి ఒంట్లో బాగాలేదా?" అని ఆమె చెవిలో అడిగాడు. ఆ సాయంత్రం కుళాయి దగ్గర ఆయన వేళ్ళు లెక్కపెట్టి "పది" అన్నాడు. ఆ తర్వాతి మాట అనలేదు.

మర్నాడు ఆమె పెందలాడే బయల్దేరింది. అదే గ్రంథాలయానికి బీరువా వెనక తాపడానికి వేరే మామూలు చెక్క పలకలు పన్నెండు మిగిలాయి. ఆయన రాకముందే గాడులు తనే కోసేసి, ఆ తర్వాత కూర్చోబెట్టి అంతా చెప్పెయ్యాలనుకుంది. వీధి మలుపు తిరిగేసరికే రూటర్ మోత వినబడింది.

ఆయన బల్ల ముందున్నాడు. పలక బల్లమీద పడుకుని ఉంది. మెలిక కనబడలేదు కాబట్టి మొహం కిందే ఉంది. ఇవాళ సరిగ్గానే పెట్టాడు. ఆమెకి ఊపిరి వచ్చింది. అప్పుడు ఆయన ఎడమచెయ్యి చూసింది. పలకని అడ్డుపట్టీకి అదుముతూ ఆ చెయ్యి ఎర్రగీత దాటి ఉంది. వేళ్ళు బిట్టుకేసి జరుగుతున్నాయి. ఆయన మొహంలో ఏ కంగారూ లేదు. గీత ఇంకా దూరంలో ఉందన్న ధీమాతో తోస్తున్నాడు.

"పెదనాన్నా" అన్న కేక గొంతులోకి వచ్చేసింది. అరిస్తే తలెత్తుతాడు. నాన్న తలెత్తినట్టే. ఆమె నాలుక కరుచుకుని, అడుగుల చప్పుడు కాకుండా బల్ల చుట్టూ నడిచి, స్విచ్చి నొక్కింది.

కరెంటు పోయినా బిట్టు వెంటనే ఆగదు. దాని మోత సన్నగిల్లి, ఈలలా మారి, పూర్తిగా ఆగేదాకా ఇద్దరూ మాట్లాడలేదు. ఆయన చెయ్యి కదపకుండా అక్కడే ఉంచాడు. అదీ ఆయన నేర్పిందే.

"ఎంత దూరంలో ఉంది?" అన్నాడు చివరికి.

ఆమె వంగి చూసింది. అబద్ధం చెప్పడం ఎంత తేలికో ఆమెకి ఆ క్షణంలో తెలిసింది. మొన్నటిదాకా చెప్పింది అదే.

"చిటికెనవేలు పట్టేంత," అంది.

"నాకు జానెడు ఉందనిపించింది." ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, పక్కనున్న పీట మీద కూర్చుని, దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఎన్ని పలకలు తిప్పాను?"

"పదిహేడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"బిట్టు తిరిగేటప్పుడు మాట్లాడకూడదు కదా," అంది ఆమె. నవ్వించాలనుకుంది.

"బిట్టు నాలుగురోజులుగా ఆగే ఉంది కదే." ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది ఆమెకి. "ఆ పదిహేడూ తెచ్చి నా ముందు పడేసి, ఇదేం పని పెదనాన్నా అనాల్సింది. నేనైతే అనేవాణ్ణి."

"మీరైతే అంటారు."

"నువ్వు అని ఉంటే ఒక పూటంతా నిన్ను తిట్టుకునేవాణ్ణి. అన్నం మానేసేవాణ్ణి. ఇవాళ మాత్రం ఈ బల్ల దగ్గరికి వచ్చేవాణ్ణి కాదు."

ఆమె తలవంచుకుంది. ఆ పదిహేడు పలకలకీ తను నాలుకలు కోసిన తీరు ఎంత నేర్పుగా ఉందో అని లోపల ఎక్కడో చిన్న గర్వం ఉండేది. అది అక్కడే చచ్చిపోయింది. "తప్పయింది పెదనాన్నా."

"నీ ఒక్కదానిదే కాదులే. రెండు నెలలైంది కంటి డాక్టరు చెప్పి. మందూ లేదు, అద్దాలూ పనికిరావన్నాడు. పక్కలన్నీ కనబడతాయట. ఏది చూడాలనుకుంటే అదే కనబడదట. మీ పెద్దమ్మకి కూడా చెప్పలేదు. ఈ పని ఒక్కటీ, ఆ పని ఒక్కటీ అనుకుంటూ వచ్చాను." ఆయన పలకమీద అరచెయ్యి వేసి నిమిరాడు. "ఇద్దరం ఒకే పక్కకి తప్పాం. అందుకే మెట్టు ఎవరికీ కనబడలేదు."

ఆమె మెల్లగా అంది, "మొహం మీద పెన్సిల్ బదులు ఉలితో చిన్న గాటు పెడదాం. వేలికి తెలుస్తుంది."

"పలక మొహం తెలుస్తుంది. బిట్టు మొహం ఎలా తెలుస్తుంది? దానికీ వేలు పెట్టి చూడమంటావా?"

ఆయన లేచి, బల్ల అంచు పట్టుకుని, గోడ పట్టుకుని, వెనక కుళాయి దగ్గరికి వెళ్ళాడు. నీళ్ళ చప్పుడు వినబడింది. ఇంకా తొమ్మిది కూడా కాలేదు. ఆ వేళప్పుడు ఆయన చేతులు కడుక్కోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"పది," అన్నాడు ఆయన అక్కడినుంచి. చాలాసేపటికి, "సరిగ్గానే ఉన్నాయి," అన్నాడు.

ఆ పన్నెండు పలకల గాడులూ ఆమే కోసింది.

ఇంట్లో చెప్పినరోజు పెద్దమ్మ టీ గ్లాసుని ఆయన చేతికే అందిస్తూ, "అయితే నేను అందంగా లేనన్నమాట," అంది. ఆయన "ఉన్నావు. కాస్త పక్కకి జరుగు, కనబడతావు," అన్నాడు.

ఆయన షెడ్డుకి రావడం మానలేదు. తలుపు పక్కన పీట వేసుకుని, బల్లకి వీపు పెట్టి కూర్చుంటాడు. చేతి చిత్రికతో చేసే పనులు ఏవైనా ఉంటే చేస్తాడు. చిత్రికకి కళ్ళక్కర్లేదంటాడు. జతచేసిన పలకలు తెచ్చి ముందు పెడితే బొటనవేలు రాసి మళ్ళీ వెంట్రుకలు ఏరుతున్నాడు. మునుపటికన్నా ఎక్కువే ఏరుతున్నాడు.

సాయంత్రాలు ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళడానికి తమ్ముడు వస్తాడు. ముప్పై మూడేళ్ళుగా ఆ షెడ్డు గడప తొక్కని మనిషి. ఇప్పుడూ లోపలికి రాడు, గుమ్మం బయట నిలబడి బిట్టు ఆగేదాకా కాచుకుంటాడు. ఆగాక "అన్నయ్యా, పోదామా?" అంటాడు. ఆయన లేచి తమ్ముడి ఎడమచెయ్యి పట్టుకుంటాడు. ఆ మూడు వేళ్ళ చేతినే అడిగి మరీ పట్టుకుంటాడు. "ఒకరికి కళ్ళు, ఒకరికి వేళ్ళు. ఇద్దరూ కలిస్తే ఒక మనిషి," అంటుంది పెద్దమ్మ.

మొదటిరోజు అలా వచ్చినప్పుడు ఆమె బల్ల తుడిచి, స్విచ్చి రెండుసార్లు చూసి, వెనక చేతులు కడుక్కుంటోంది. అన్నదమ్ములిద్దరూ గుమ్మంలో నిలబడ్డారు గానీ కదల్లేదు.

"వెళ్ళండి నాన్నా, నేను తాళం వేసుకుని వస్తాను," అంది.

పెదనాన్న ఆ గొంతు వచ్చిన వైపు తల వాల్చాడు. "ఎన్ని?" అన్నాడు.

ఆమెకి ముందు అర్థం కాలేదు. తర్వాత తడిచేతులు ముందుకు చాపి, చిన్నప్పుడు ఎనిమిది దగ్గర ఆగేది గుర్తొచ్చి, ఆయనకి వినబడేలా ఒకటి నుంచి మొదలుపెట్టింది.